విశాఖలో రాస్ప్‌బెర్రీ: మిద్దె తోట ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో రాస్ప్‌బెర్రీ గురించినవే ఎక్కువ. అందులో చాలామంది ఒకటే అడిగారు: మొక్క ఏపుగా ఉంది, కాయ లేదు, ఎందుకు? అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాం. మిగతా వాటికి జవాబు వెతుక్కునేవాళ్లు కూడా ముందు దాన్ని చదవాలి.

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ): రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో ఎర్ర రాస్ప్‌బెర్రీ మొక్క తెప్పించి కుండీలో పెట్టాను. ఆరడుగులు పెరిగింది, పిలకలు కూడా వేసింది. ఇంతవరకు ఒక్క పువ్వు పూయలేదు. ఎరువు చాలలేదా?

ఎరువు చాలింది, చలే చాలలేదు. రాస్ప్‌బెర్రీ వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది, కొమ్మకు మాత్రం రెండేళ్లే ఆయుష్షు. మట్టిలోంచి లేచిన కొమ్మ మొదటి ఏడాది ఆకులేస్తుంది. రెండో ఏడు పూసి, కాసి, ఎండిపోతుంది. ఈ రెండింటి మధ్య ఒక చలికాలం పడాలి. 0 నుంచి 7 డిగ్రీల మధ్య చలి కొన్ని వందల గంటలు తగిలితే తప్ప నిద్రపోయిన మొగ్గ మేలుకోదు. ఎర్ర రకాల్లో చాలావాటికి 800 నుంచి 1,600 గంటల దాకా కావాలి. విశాఖలో జనవరి తెల్లవారుజామున కూడా సాధారణంగా 16–18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే మన లెక్కలో చలి గంటలు సున్నా. మీ మొక్కకు ఇప్పటిదాకా చలికాలమే రాలేదు.

మీరు ఎరువు పెంచే కొద్దీ ఆకు పెరుగుతుంది, పూత రాదు. నత్రజని ఎక్కువై కొమ్మ మెత్తబడితే పేనుబంక, నల్లి మాత్రం తప్పకుండా వస్తాయి. కాబట్టి అది ఆపండి.

ఎర్ర రకాల్లోనే ఇంకో తెగ ఉంది. హెరిటేజ్, ఆటమ్ బ్లిస్ లాంటివి మొదటి ఏడాది కొమ్మ కొసనే పూస్తాయి. వాటికి ఆ పూత కోసం చలి తప్పనిసరి కాదు. అయితే చలి అక్కర్లేనంత మాత్రాన వేడిని తట్టుకుంటాయని కాదు. ఎర్ర రాస్ప్‌బెర్రీ ఆకు 20 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. 30 దాటితే ఆహారం తయారుచేయడం బాగా పడిపోతుంది. మన రాత్రులు కూడా వెచ్చనే కాబట్టి పగలు కూడబెట్టింది రాత్రి శ్వాసకే ఖర్చయిపోతుంది. కొసన నాలుగైదు చిన్న కాయలు కనిపిస్తే అదే గొప్ప. మీ దగ్గరున్నది ఏ తెగో లేబుల్ చూసి తెలుసుకోండి. పేరు లేని "రెడ్ రాస్ప్‌బెర్రీ" అయితే ఇంకో ఏడాది ఎదురుచూడకండి. ఆ కుండీ వేరే మొక్కకు ఇవ్వండి.

ప్రశ్న (మురళీనగర్): కుండీలో రోజూ ఐసు ముక్కలు వేస్తే చలి గంటలు వస్తాయని ఒక వీడియోలో చూశాం. నిజమేనా? ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

ఐసు వల్ల ఏమీ రాదు. చలి తగలాల్సింది కొమ్మ మీది మొగ్గకు. ఐసు పైపొర మట్టిని కాసేపు చల్లబరిచి కరిగిపోతుంది, నాలుగడుగుల ఎత్తున ఉన్న మొగ్గకు ఆ సంగతే తెలియదు.

ఫ్రిజ్ సంగతి వేరు. ఆకు రాల్చి, మట్టి దులిపి, వేర్లను తడి కొబ్బరి పొట్టుతో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి, 2–5 డిగ్రీలు ఉండే కూరగాయల సొరుగులో ఉంచితే రోజుకు 24 గంటల చొప్పున 42 రోజుల్లో వెయ్యి గంటలు దాటతాయి. లెక్క సరిపోతుంది, చిక్కు మిగతావాటిలో ఉంది. పచ్చి ఆకుతో, మెత్తని చిగురుతో ఉన్న మొక్కను అలా పెడితే నిద్రపోదు, కుళ్లుతుంది. అదే సొరుగులో ఆపిల్ పండ్లుంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గలను పాడుచేస్తుంది. అన్నీ బాగా జరిగి డిసెంబరులో బయటికి తీసినా, చిగురేసి పూసి కాయ పండేసరికి ఏప్రిల్ వస్తుంది. అప్పటికి మన ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సరదాకి ఒక మొక్కతో చేసుకోవచ్చు, ఇంటికి పండ్లు కావాలనుకుంటే ఇది దారి కాదు.

ప్రశ్న (గాజువాక): "రస్‌భరి" గింజలని కొన్నాం. టమాటా లాంటి మొక్క వచ్చింది, కాయ మీద కాగితం లాంటి తొడుగు ఉంది. మోసపోయామా?

పేరు దగ్గర తికమక జరిగింది. హిందీలో రస్‌భరి అంటే కేప్ గూస్‌బెర్రీ. మన పొలం గట్ల మీద మొలిచే కుప్పంటికి దగ్గరి బంధువు, వంగ, టమాటా కుటుంబం. తొడుగు ఎండి, లోపలి కాయ నారింజ రంగుకు తిరిగాక తినండి, బాగుంటుంది. పచ్చి కాయ మాత్రం తినకూడదు.

అసలైన మోసం ఇంకోటుంది. నీలం రాస్ప్‌బెర్రీ, ఇంద్రధనుస్సు రాస్ప్‌బెర్రీ అని అమ్మే గింజలు. ఈ పండుకు ఉన్న రంగులు ఎరుపు, నలుపు, ఊదా, పసుపు. నీలం మొక్క ఎక్కడా లేదు. నిజమైన ఎర్ర రాస్ప్‌బెర్రీ గింజ అయినా పెంకు గట్టిది. సుమారు మూడు నెలలు తడి చలిలో ఉంటే తప్ప సరిగా మొలవదు, మొలిచినా తల్లి లక్షణాలు రావు. గింజల పొట్లం జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ప్రశ్న (మధురవాడ): ఇంటి వెనక పది అడుగుల జాగా ఉంది. విశాఖకు సరిపోయే రాస్ప్‌బెర్రీ ఏదైనా ఉందా? మొదటి నుంచీ ఎలా పెంచాలో చెప్పండి.

ఉంది. పేరు మైసూరు రాస్ప్‌బెర్రీ, శాస్త్రనామం రూబస్ నీవియస్. హిమాలయాల నుంచి దక్షిణాది కొండల దాకా మన దేశంలో సహజంగా పెరిగేదే. దీనికి చలి గంటల పట్టింపు లేదు. 1948లో కెన్యా నుంచి వెళ్లిన గింజలతో దక్షిణ ఫ్లోరిడాలో దీన్ని మొదలుపెట్టారు. సముద్రమట్టానికి దగ్గరగా, ఉక్కపోతగా ఉండే ఆ నేలలో ఎర్ర రకాలు ఓడిపోయిన చోట ఇది నిలిచింది. మన వాతావరణానికి దగ్గరి పోలిక అదే. పండు చిన్నది, అరంగుళం పైచిలుకు. ముందు ఎర్రబడి, తర్వాత ఊదా, చివరికి నలుపు. తీపి బాగుంటుంది కానీ గింజలు ఎక్కువ. మరీ ఎక్కువ దిగుబడి ఆశించకండి. రెండు మూడు మొక్కలుంటే పండే కాలంలో రోజూ పిల్లల దోసిలి నిండుతుంది.

నర్సరీలో అడిగేటప్పుడు కాడ చూడండి. లేత కాడ మీద చేత్తో తుడిస్తే పోయే తెల్లని పొడి, కొక్కేల్లా వంగిన ముళ్లు, ఆకు అడుగున తెల్లదనం ఉండాలి. ఉత్త ఆకుపచ్చ కాడతో నిలువుగా లేచి, మట్టిలో దూరంగా పిలకలు వేసేది ఎర్ర రకం.

జాగా ఎంపికలో మొదట చూడాల్సింది నీరు. వాన పడిన గంటకు కూడా నీళ్లు నిలిచే చోటు వద్దు. ఉదయం నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా ఎండ, ఆ తర్వాత గోడ నీడ పడే తూర్పు వైపు చాలా మంచిది. నాలుగైదు అడుగుల ఎడంతో, అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంటలు తీయండి. తవ్విన ఎర్రమట్టికి బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు, వేపపిండి పావుకిలో కలిపి నింపండి. చుట్టూ నేల కంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తుగా బోదె కట్టి, దాని మీద నాటండి. కుండీలో ఏ లోతున ఉందో అదే లోతున పెట్టాలి, మెడ పూడ్చకూడదు. ఇంటి పని తాలూకు సిమెంటు, సున్నం పెళ్లలు ఆ మట్టిలో ఉంటే ఏరేయండి. ఈ మొక్కకు పి.హెచ్. 5.5–6.5 నచ్చుతుంది. సున్నం తగిలితే లేత ఆకు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందక వచ్చేది.

నాటడానికి జూన్ చివర, జూలై. తొలకరి పడి నేల చల్లబడ్డాక. వేర్లలో ఎక్కువ భాగం పై అడుగులోనే ఉంటాయి. అందుకే పైన మూడంగుళాల మందాన ఎండుటాకులో వరిగడ్డో పరచండి. కలుపును చేత్తో పీకండి, పార పెడితే వేర్లు తెగుతాయి.

పందిరి లేకుండా ఇది కుదరదు. కాడ పది అడుగులు దాటి వంగి, కొస నేలను తాకి అక్కడే వేరు వేస్తుంది. రెండేళ్లు వదిలేస్తే లోపలికి చెయ్యి పెట్టలేని ముళ్లపొద అవుతుంది. పది అడుగుల జాగాలో రెండు చివర్లా రెండంగుళాల జి.ఐ. పైపులు రెండడుగులు లోతుగా కాంక్రీటులో నిలబెట్టి, నేల నుంచి రెండున్నర, నాలుగున్నర అడుగుల ఎత్తుల్లో రెండు వరసల జి.ఐ. తీగ లాగండి. వెదురు గుంజలు ఒక సీజను ఆగుతాయి, అక్టోబరు తుపాను గాలికి నిలవవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎన్ని చెట్లు పడ్డాయో గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక వస్తే కాడలను తీగ నుంచి విప్పి, కట్టగా కట్టి నేల మీద పరిచి గోనె కప్పండి. గాలిలో ఊగి మెడ దగ్గర విరిగిన కాడ మళ్లీ అతకదు.

కత్తిరింపు మీదే కాపు ఆధారపడి ఉంటుంది. మొక్కకు బలమైన కాడలు నాలుగైదు ఉంచి మిగతావి మొదట్లోనే తీసేయండి. కాడ నాలుగున్నర అడుగులకు చేరగానే కొస మూడంగుళాలు తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, పూత వాటి మీదే. అవి పొడుగైతే అడుగున్నర దగ్గర కత్తిరించండి. కాపు అయిపోయాక, అంటే సుమారు మే నెలలో, కాసిన కాడలన్నిటినీ నేల మట్టానికి కోసి, తోట బయట పారేయండి. కాసిన కాడ మళ్లీ కాయదు. ఉంచితే తెగుళ్లకు ఇల్లవుతుంది. తోలు చేతితొడుగులు తప్పనిసరి, కొక్కెం ముల్లు చర్మంలో దిగితే వెనక్కి లాగే కొద్దీ చీలుస్తుంది.

ఎరువు కొద్దిగా, తరచుగా. వానాకాలంలో నెలకోసారి మొక్కకు కిలో వర్మీకంపోస్టు చాలు. మొగ్గ కనిపించగానే నత్రజని తగ్గించి, లీటరుకు 3 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ పదిహేను రోజులకోసారి పోయండి. ఎర్రగా ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వద్దు. అందులో క్లోరైడు ఉంటుంది, ఎందుకు వద్దో కింద మరో జవాబులో ఉంది.

ప్రశ్న (సీతమ్మధార): మిద్దె మీద గ్రో బ్యాగుల్లో పెంచాలంటే ఏ సైజు? మట్టి మిశ్రమం, బరువు సంగతి?

18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు బ్యాగు కంటే తగ్గవద్దు. పదిహేను అంగుళాల దాకా నింపితే 60 లీటర్ల పైచిలుకు పడుతుంది. తడిసినప్పుడు సుమారు 80 కిలోలు. జనం తిరిగే మిద్దెకు భారత ప్రమాణం ఐ.ఎస్. 875 చెప్పే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. కాబట్టి చదరపు మీటరుకు ఒక్క బ్యాగే పెట్టండి, అదీ గోడలు, దూలాల మీదుగా వరసలో. స్లాబు నడుమ గుంపుగా పెట్టకండి. కింద రెండంగుళాల ఎత్తు స్టాండు ఉండాలి, నీరు పోవడానికీ స్లాబుకు గాలి ఆడడానికీ.

ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కొబ్బరి పొట్టు ఒకటిన్నర, వర్మీకంపోస్టు ఒకటి, ముతక ఏటి ఇసుక అర పాలు. పిడికెడు వేపపిండి. ఉత్త మట్టితో నింపితే రెండు వానలకే అణిగి గట్టిపడుతుంది. వేసవిలో రోజూ పొద్దున 3–4 లీటర్లు. వేలు రెండంగుళాలు దించి తడి తగిలితే ఆ రోజు మానేయండి. మార్చి మధ్య నుంచి పడమటి వైపు 35 శాతం షేడ్ నెట్ కట్టండి. 50 శాతం నెట్ కడితే పూత తగ్గుతుంది. నల్ల బ్యాగు పక్కకు ఎండ తగిలి లోపలి వేర్లు ఉడికిపోతాయి కనుక తెల్లవి కొనండి, లేదా గోనె చుట్టండి.

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ): మైసూరు రాస్ప్‌బెర్రీ ఆకుల అంచులు గోధుమరంగులో కాలిపోయినట్టు అవుతున్నాయి. పాత ఆకులతో మొదలై పైకి వస్తోంది. తెగులు మందు కొట్టినా తగ్గలేదు.

ఇది తెగులు కాదు, మందు దండగ. మచ్చలు ఆకు మధ్యలో గుండ్రంగా, చుట్టూ ఊదారంగు అంచుతో ఉంటే ఆకుమచ్చ తెగులని అనుమానించాలి. పాత ఆకు అంచు నుంచి లోపలికి ఒకే తీరుగా మాడుతూ వస్తే అది ఉప్పు. రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ రెండూ ఉప్పును అసలు ఓర్చుకోలేవు. కొబ్బరి, సపోటా పెరిగిన దొడ్లో ఇది మాడిపోతే ఆశ్చర్యపోవద్దు, అవి ఓర్చుకునే చెట్లు.

మీ ఇంట్లో ఉప్పు నాలుగు దారుల్లో రావచ్చు. ఒక్కొక్కటీ చూసుకోండి.

మొదటిది నీరు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టి.డి.ఎస్. మీటరు నాలుగైదు వందల రూపాయల్లో దొరుకుతుంది. అది 500 పి.పి.ఎం. లోపు చూపిస్తే దిగులు లేదు. సుమారు 640 దగ్గర ఈ మొక్క ఇబ్బంది మొదలవుతుంది. వెయ్యి దాటిన బోరు నీటితో రాస్ప్‌బెర్రీ వద్దు. మునిసిపల్ నీరు, పట్టిన వాన నీరు వాడండి. రెండూ తక్కువగా ఉంటే బోరు నీటిలో సగం కలపండి. ఆర్.ఓ. యంత్రం బయటికి వదిలే నీరు మొక్కకు పోస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఉప్పంతా చేరేది దానిలోనే.

రెండోది కొబ్బరి పొట్టు. కొబ్బరి పీచును ఉప్పు కయ్యల్లో నానబెట్టే చోట్ల నుంచి వచ్చే ఇటుకలో సోడియం ఉంటుంది. 5 కిలోల ఇటుకను నానబెట్టి పిండి, నీళ్లు మార్చి, మూడుసార్లు కడగండి. తర్వాత లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచి మళ్లీ ఒకసారి కడగండి. కాల్షియం లోపలికి చేరి సోడియాన్ని బయటికి తోస్తుంది. ఉత్త నీళ్లతో కడిగినప్పుడు పీచుకు పట్టుకున్న సోడియం పూర్తిగా వదలదు, ఆ చివరి నానబెట్టడం అందుకే.

మూడోది ఎరువు. పైన చెప్పిన మ్యూరేట్ ఆఫ్ పొటాష్ క్లోరైడు, కోళ్ల ఎరువు, చేపల కడుగు నీరు. చేపలు కడిగిన నీళ్లలో బలం ఉన్న మాట నిజమే. ఉప్పు వేసి రుద్ది కడగడం మన అలవాటు కాబట్టి ఈ మొక్కకు మాత్రం పోయకండి.

నాలుగోది గాలి. బీచ్ రోడ్డుకు ఎదురుగా ఉన్న మిద్దెల మీద అలల తుంపర ఆకు మీద ఎండి ఉప్పు పొరగా నిలుస్తుంది. సముద్రం వైపు ఆరడుగుల షేడ్ నెట్ తెర కట్టి, గాలి గట్టిగా వీచిన మర్నాడు తెల్లవారగానే మంచినీళ్లతో ఆకులు కడగండి. ఎండ ఎక్కాక కడగవద్దు.

ఇప్పటికే పేరుకున్నదాన్ని దించడానికి ఒకసారి పెద్ద తడి కావాలి. 60 లీటర్ల బ్యాగుకు 60 లీటర్ల మంచినీరు, ఇరవై చొప్పున మూడు విడతలుగా, విడతకూ విడతకూ అరగంట ఎడంతో. కింది రంధ్రాల నుంచి ధారగా పోవాలి. కింద పళ్లెం ఉంటే తీసేయండి, లేకపోతే దిగిన ఉప్పునే మళ్లీ పీలుస్తుంది. మాడిన ఆకులు కోలుకోవు. కొత్తగా వచ్చే ఆకులు చూడండి, మూడు వారాల్లో శుభ్రంగా వస్తే దారి సరైనదే.

ప్రశ్న (పెందుర్తి): అక్టోబరు వానల తర్వాత రెండు మొక్కలు వారంలోనే వాలిపోయాయి. మట్టి తడిగానే ఉంది. ఆ మడిలో అంతకుముందు వంకాయ వేశాం.

తడి మట్టిలో మొక్క వాలితే నీళ్లు పోయకండి, ముందు వేరు చూడండి. ఒకదాన్ని పీకి, పెన్సిలంత వేరును గోటితో గీరండి. లోపల తెల్లగా ఉండాల్సింది ఇటుకరంగులో ఉండి, తెల్లని భాగానికీ దానికీ మధ్య గీత గీసినట్టు తేడా కనిపిస్తే అది ఫైటోఫ్తొరా వేరుకుళ్లు. దీని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ వేరును చేరతాయి. నీళ్లు నిలిచిన కొద్ది గంటలే వాటికి చాలు. వేర్ల మీద శనగగింజల్లా బుడిపెలుంటే అది వంకాయ వదిలి వెళ్లిన నులిపురుగు. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప వేసిన మడిలో మూడు నాలుగేళ్లు రాస్ప్‌బెర్రీ పెట్టకూడదనేది ఇందుకే. నులిపురుగుకు తోడు ఎండుతెగులు శిలీంధ్రం కూడా ఆ పంటలతో నేలలో మిగులుతుంది.

కుళ్లిన మొక్కను బతికించే ప్రయత్నం వద్దు. చుట్టూ అడుగు మట్టితో సహా తీసేయండి. మిగిలిన మొక్కలకు బోదె ఎత్తు పెంచి, నీరు పోయే కాలువ తీయండి. వచ్చే ఏడాదికి వేరే చోట, కిలో మాగిన పశువుల ఎరువుకు 20 గ్రాముల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) కలిపి, తడి గోనె కప్పి వారం పది రోజులు నీడలో వృద్ధి చేసి, గుంటకు రెండు కిలోల చొప్పున వేయండి. ఇది రాకుండా కాసే ఏర్పాటే, వచ్చిన కుళ్లును నయం చేయదు.

ప్రశ్న (అక్కయ్యపాలెం): పండు కోస్తుంటే చేతిలో పొడిపొడిగా విడిపోతోంది. కొన్నిటి మీద తెల్లని గింజలు కూడా ఉన్నాయి.

రాస్ప్‌బెర్రీ కూడా సీతాఫలం లాంటిదే, ఒక పువ్వులోని ఎన్నో అండాశయాలు కలిసి ఒక పండు. ఒక్కో కన్ను విడిగా ఫలదీకరణ చెందాలి. కొన్ని చెందకపోతే సీతాఫలం వంకర తిరుగుతుంది. రాస్ప్‌బెర్రీలో అయితే కన్నును కన్ను పట్టుకునే బలం పోయి పండు విడిపోతుంది. మొక్కకు తన పుప్పొడి తనకు సరిపోతుంది, దాన్ని అన్ని కళ్లకూ చేర్చడానికి తేనెటీగ కావాలి. నాలుగో అంతస్తు మిద్దె మీద అవి తక్కువ. దగ్గరలో తులసి, బంతి పెట్టండి. పూత కాలంలో ఉదయం ఏ మందూ, వేపనూనె అయినా, కొట్టకండి. ఈగలు రాకపోతే మెత్తని బ్రష్‌తో పువ్వు చుట్టూ రోజు విడిచి రోజు తిప్పండి. ఒకే మొక్క ప్రతి పండూ, ప్రతి ఏడూ అలాగే విడిపోతుంటే వైరస్ అయి ఉండవచ్చు. దాన్ని పీకేయాలి, దాని నుంచి అంటు కట్టకూడదు.

తెల్లని కళ్లు ఎండదెబ్బ. తినడానికి ఇబ్బంది లేదు, నెట్ కడితే తగ్గుతాయి. ఆకు మీద సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు, అడుగున సన్నని బూజు గూడు కూడా ఉంటే ఎర్రనల్లి. ఆకు అడుగుకు తగిలేలా మూడు రోజులకోసారి నీళ్లు గట్టిగా కొట్టండి. గంధకం పొడి మన వేసవిలో ఆకు మాడుస్తుంది, వాడవద్దు.

ప్రశ్న (ఎండాడ): మా అమ్మాయి సియాటిల్‌లో ఉంటుంది. వచ్చేటప్పుడు అక్కడి మొక్కలు సూట్‌కేసులో తెస్తానంటోంది.

తేవద్దని చెప్పండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, అక్కడి అధికారులిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్క, అంటు తేకూడదు. పైగా వాషింగ్టన్ రాష్ట్రంలో పండేది చలి కోరే ఎర్ర రకం. ఇంత శ్రమపడి తెచ్చినా ఎం.వి.పి. కాలనీ మొక్కలాగే అవుతుంది.

ప్రశ్న (పాడేరు): సిల్వర్ ఓక్ నీడలో కాఫీ ఉంది. మాకు చలి బాగానే పడుతుంది కదా, ఎర్ర రాస్ప్‌బెర్రీ వేయొచ్చా?

మీకున్న చలి రాత్రి కొన్ని గంటలదే. 7 డిగ్రీల లోపు ఆరేసి గంటలుండే రాత్రులు 40 వచ్చాయనుకున్నా 240 గంటలే అవుతాయి. పైగా మధ్యాహ్నపు వెచ్చదనం ఆ లెక్కలో కొంత చెరిపేస్తుంది. కాబట్టి రెండో ఏడు కాసే రకాలు మీకూ పనికిరావు. మొదటి ఏడాది కొసన కాసే హెరిటేజ్, ఆటమ్ బ్లిస్ మాత్రం పది మొక్కలతో చూడదగ్గవి. చల్లని రాత్రులు వాటికి మేలు చేస్తాయి.

నీడలో కాదు, రోజుకు ఆరు గంటలు ఎండ పడే కాఫీ తోట అంచున వేయండి. ఫిబ్రవరి చివర అన్ని కాడలూ నేల మట్టానికి కోసేస్తే కొత్త కాడలు లేస్తాయి. వాటిని అలాగే వదిలితే వానల్లో పూసి, పండు బూడిదరంగు బూజుతో కుళ్లుతుంది. జూలై చివర కొసలు తుంచితే పూత కొన్ని వారాలు వెనక్కి జరిగి, వానలు తగ్గాక పండు అందుతుంది. ఆ పది మొక్కల మీద పాలిథిన్ కప్పు ఉంటే ఇంకా నయం. మట్టి పరీక్షకు చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానంలో అడగండి. మైసూరు రకాన్ని కొండల్లో పెంచితే మాత్రం వల కప్పి, పండు మిగల్చకుండా కోయండి. పిట్టలు తిని గింజలు అడవిలో వదులుతాయి. హవాయి, గాలపాగోస్ దీవుల్లో ఈ మొక్క అడవిని కమ్మేసి పెద్ద తలనొప్పి అయింది.

ప్రశ్న (ఉక్కునగరం): ఇంత శ్రమ మా వల్ల కాదు. పిల్లలు కోసుకు తినే బెర్రీ ఏదైనా చాలు.

మల్బరీ పెట్టండి. పెన్సిలంత లావు, ఎనిమిది అంగుళాల కొమ్మ ముక్కను జూలైలో మట్టిలో గుచ్చితే వేరు వేస్తుంది. కొమ్మలు మూడో వంతు కత్తిరించి ఆకులు దూసేసినప్పుడల్లా కొత్త చిగురుతో పాటే కాయ వస్తుంది. ఎండకు, మన ఉక్కకు జంకదు. నేలలో పెడితే పెద్ద చెట్టవుతుంది కనుక ఏటా కత్తిరించి తలెత్తున ఉంచండి. బట్టలు ఆరేసే తీగకు దూరంగా పెట్టండి, ఆ మరక పోదు.

ప్రశ్న (భీమిలి): ఉన్న ఒక్క మైసూరు మొక్క నుంచి ఇంకొన్ని చేసుకోవాలి. అలాగే పండు ఎప్పుడు కోయాలి?

ఇది ఎర్ర రకంలా దూరంగా పిలకలు వేయదు, కొస అంటు కట్టాలి. ఆగస్టులో ఒక కాడ కొసను వంచి, ఆరంగుళాల కుండీలో మూడంగుళాల లోతున, మొన కిందికి ఉండేలా పూడ్చి, లేవకుండా రాయి పెట్టండి. మట్టి తడి ఆరనివ్వకండి. ఐదారు వారాల్లో వేర్లు వస్తాయి. కొత్త చిగురు పైకి లేచాక తల్లి వైపు ఎనిమిది అంగుళాల కాడ ఉంచి కోయండి. ఇంకో నెల నీడలో ఉంచి నాటండి.

పండు సంగతి: ఎర్రగా ఉన్నప్పుడు కోస్తే పులుపు, కోశాక పండదు. పూర్తిగా నల్లబడి, రెండు వేళ్లతో తాకగానే మధ్యలోని తెల్లని మొనను కాడకే వదిలి టోపీలా ఊడిరావాలి. లాగాల్సి వస్తే మర్నాటిదాకా ఆగండి. మంచు ఆరాక, ఎండ ఎక్కకముందు కోయండి. లోతు గిన్నెలో పోస్తే అడుగువి నలిగిపోతాయి, పళ్లెంలో రెండు వరసలకు మించవద్దు. కడగకుండానే ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందు కడగండి. రెండు రోజులకు మించి ఆగవు. మిగిలితే కిలో పండుకు ముప్పావు కిలో పంచదార, ఒక నిమ్మకాయ రసంతో జామ్ చేయండి. ఉడికిన గుజ్జును పంచదార వేయకముందే జల్లెడలో వడకడితే గింజల బాధ తప్పుతుంది.